ఎడమచేతి ముడి

ఆ సీసాలోంచి నీళ్ళు ఎంత నిదానంగా దిగుతున్నాయో. ఒక చుక్క పడుతుంది, ఆగుతుంది, ఇంకొకటి పడనా వద్దా అని తర్కించుకుంటూ వేలాడుతుంది, చివరికి పడుతుంది. ఉప్పు కలిపిన నీళ్ళట, సూదిలోంచి నేరుగా నెత్తుట్లోకి పోతాయట, నోటితో పనిలేదట. నోటితో పనిలేని నీళ్ళను నా అరవై ఏళ్ళ బతుకులో ఇప్పుడే చూస్తున్నాను. మంచం మీద నా మనవరాలు రామాంజినమ్మ, తలదగ్గర కింద కూర్చుని నా కోడలు లక్ష్మీనరసమ్మ, కాళ్ళదగ్గర గోడకానుకుని నేను. నా కొడుకు గంగాధరప్ప లోపల ఉండలేక వసారా మెట్ల మీద కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడు, ఇక్కడ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముడుచుకుంటున్నాడు, చాపుకుంటున్నాడు. పొద్దున డాక్టరు సూది వేసి పోతూ చెప్పిన మాట చెవిలో తిరుగుతూనే ఉంది. దీపాలు పెట్టే వేళకు పిల్ల కళ్ళు తెరిచి తనంతట తాను నీళ్ళు తాగిందా, గండం గడిచినట్టే. తాగకుండా మళ్ళీ మగతలోకి జారిందా, ఇక తన చేతిలో ఏమీ లేదన్నాడు. అందుకని ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని పక్కన పెట్టుకున్నాను. కిటికీలోంచి పడే ఎండ ఇందాక ఎదుటి గోడకు మొదట్లో ఉండేది, ఇప్పుడు సగం పైకి ఎక్కింది. నీళ్ళకు కాపలా కూర్చోవడం నాకేమీ కొత్త కాదు.

కొత్త కాదు కాబట్టే ఇదంతా. పిల్ల ఊపిరి చూడు, ఎంత లోతు నుంచి తీస్తోందో, ఎండిన బావిలో చేద మీద చేద వేసినట్టు. ఆ ఊపిరిలో మగ్గిన సీతాఫలం వాసన. ఈ వాసన ముందు మా ఇంట్లోనే పట్టుకున్నాను నేను. సీతాఫలాల కాలం కాదు, ఎక్కడ తిన్నావే, ఎవరిచ్చారే అని గదమాయించాను. ఏమీ తినలేదవ్వా అంది. నమ్మలేదు. అప్పటికే ఆ పిల్ల మాట నమ్మడం మానేసి ఉన్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడికి చేతకాకపోతే అక్కమ్మకు చేతనవుతుందని నా పొగరు. వాన లేక ఇది మూడో ఏడు. ధర్మవరంలో మా వీధి బావి అడుగున బురద, ఆ బురద కూడా ఉప్పు. తాగే నీళ్ళు ఊరి అవతలి తోట నుంచి బండి మీద పీపాలో వస్తాయి, మా వాటాకు వచ్చింది గుండిగలో పోసుకుంటాం, ఆ గుండిగే మా ఇంటికి దేవుడు. నేను కాపురానికి వచ్చిన ఏడు కూడా కరువే. చిత్రావతి ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి కడవ నింపుకుని వస్తూ, గడప తట్టుకుని పడేశాను. కడవ బద్దలైంది. మా అత్త నన్ను ఒక్కమాట అనలేదు. ఆ రోజంతా తాను నీళ్ళు ముట్టలేదు, అంతే. నా ఎదుటే నాలుకతో పెదాలు తడుపుకుంటూ రాట్నం తిప్పింది. రెండు దెబ్బలు వేసి ఉంటే అప్పుడే మరిచిపోయేదాన్ని. ఆమె పోయాక గుండిగ పెత్తనం నాకు వచ్చింది. బియ్యం కడిగిన నీళ్ళు పప్పులోకి, అంట్లు కడిగినవి ఎనుముకు కుడితిలోకి, స్నానం చేసిన నీళ్ళు బానలో పట్టి గుడ్డలకు, గుడ్డలు పిండినవి వాకిట్లో చల్లడానికి. రంగువేసిన పట్టు జాడించిన నీళ్ళు కూడా పారబోసేదాన్ని కాదు, రాత్రంతా తేరనిచ్చి పైన తేట వంచుకుని మర్నాడు మళ్ళీ వాడేదాన్ని. అక్కమ్మ ఇంట్లో కాకికి కూడా నీళ్ళు దొరకవని వీధిలో ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, చేబదులుకు చెంబెడు నీళ్ళు కావాలంటే మా ఇంటికే వచ్చేవారు.

అట్లాంటి ఇంట్లో ఈ పిల్లకు దాహం పట్టుకుంది. కరువులో అధికమాసం. ఉగాది దాకా బాగానే ఉండేది, అందరితో పాటు తన వాటా తాగి ఆటకు పోయేది. తర్వాత ఏమైందో, తాగిన గ్లాసు కింద పెట్టకముందే ఇంకొకటి అడిగేది. తిండి కూడా అంతే, పెద్దవాళ్ళ ముద్ద తినేది, ఒంటికి మాత్రం పట్టేది కాదు. రైక భుజాల మీద నుంచి జారేది. తిన్నది ఎటు పోతోందే అని వాళ్ళ అమ్మ దిగులు పడేది, ఎదిగే పిల్ల, పొడుగు సాగుతోంది అని నేను కసిరేదాన్ని. చాప తడిపేది. పదేళ్ళు దాటిన పిల్ల చాప తడపడమేమిటి? పొద్దెక్కేదాకా ఎవరికీ తెలియకుండా చాప చుట్టి మూలన నిలబెట్టి, దాని ముందు తాను నిలబడేది. తాగుతోంది కాబట్టి తడుపుతోంది, తాగడం ఆపితే తడపడం ఆగుతుంది. ఇందులో తిరకాసు ఎక్కడుందో నన్నిప్పుడు అడిగినా చెప్పలేను. గుండిగ నిండితేనే పొర్లుతుంది, అంతేగా నాకు తెలిసిన లెక్క. ఇదిగో, చుక్క పడింది. ఎండ ఇంకొంచెం పైకి పోయింది. కోడలు పిల్ల నుదురు తుడుస్తూనే ఉంది, నుదుటి మీద చెమట కూడా లేదు, తుడవడానికేముంది. నా వైపు చూడడం లేదు. పొద్దుటి నుంచి చూడలేదు.

చీమలు వచ్చింది కూడా అప్పుడే. నల్లచీమలు. పెరటి తలుపు కింద నుంచి వరసకట్టి వచ్చి, చాప మూల దాకా పోయి, మళ్ళీ అదే వరసన పోయేవి. కోడలు చీపురు తీసింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎర్రచీమలు వస్తే కీడు గానీ నల్లచీమలు వస్తే లక్ష్మి వస్తుందని మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్ళ అత్త చెప్పింది. మూడేళ్ళ కరువు తర్వాత ఇంట్లోకి నడిచి వస్తున్న శుభం అదొక్కటే. వాటికి నేనేం చేశాననుకున్నారు? పిడికెడు నూకలు చల్లాను. పసుపు బొట్టు పెట్టిన గడప దగ్గర, మనుషులు కూడా కడుపునిండా తినని ఇంట్లో, చీమలకు నూకలు చల్లి దండం పెట్టాను. అవి నూకలు ముట్టలేదు. నూకలను దాటుకుని చాప దగ్గరికే పోయేవి. అప్పుడైనా అనుమానం రాకూడదా? రాలేదు. లక్ష్మికి తొందరగా ఉందేమో అనుకున్నాను.

గుండిగ మూతకు పట్టుపోగు కట్టింది ఆ వారంలోనే. తాళం వేస్తే ఇంట్లోవాళ్ళనే నమ్మని ముండ అంటారు, పోగు కడితే ఎవరూ ఏమీ అనరు. తెగిన పోగులు కలిపే ముడి మా నేతవాళ్ళ ఇళ్ళలో ప్రతివాళ్ళూ వేస్తారు, కానీ నేను ఎడమచేతివాటం దాన్ని, నా ముడి కొస ఎడమకు తిరిగి ఉంటుంది. ఇంకొకరు విప్పి కడితే కుడికి తిరుగుతుంది, చూడగానే దొరికిపోతారు. మొదటి రోజే దొరికింది. కొస కుడికి తిరిగి ఉంది. పిలిచాను, వచ్చింది, మూతి తుడుచుకుంటూ వచ్చింది, లంగా అంచు జానెడు తడిగా ఉంది. నేను తాగలే అవ్వా అంది. కొట్టాను. ఆ తర్వాత కొన్నాళ్ళు కొస ఎడమకే ఉంది, నాకు సంతోషం. కానీ గుండిగలో నీళ్ళు మాత్రం తగ్గుతున్నాయి. కొడుకా, కోడలా, ఎవరు? ఒకనాడు మధ్యాహ్నం అందరూ మగ్గం దగ్గర ఉండగా తలుపు సందులోంచి చూశాను. రామాంజి గుండిగ ముందు గొంతుక్కూర్చుని, తాగేసి, మూతపెట్టి, పోగు జారకుండా వేళ్ళకు ఇంత బూడిద రాసుకుని కడుతోంది. ఎడమచేత్తో. నాలుక బయటపెట్టి, కళ్ళు చికిలించి, నా ముడి వేస్తోంది. కుడిచేతివాటం పిల్ల. ఎన్నాళ్ళు కూర్చుని నేర్చుకుందో, ఎన్ని తుక్కుపోగుల మీద చెయ్యి తిప్పుకుందో. ఒక్క నిమిషం నాకు ఒళ్ళంతా పొంగింది, ఎంత సన్నటి వేళ్ళు, ఎంత చక్కటి ముడి, నా తర్వాత ఈ ఇంట్లో పోగు కలపడానికి ఇదొకతి ఉందిలే అనుకున్నాను. ఆ నిమిషం దగ్గరే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది. లోపలికి పోయి, చీరల పెట్టెకున్న తాళం ఊడదీసి తెచ్చి, గుండిగ మూతకు గొలుసు చుట్టి వేశాను. తాళంచెవి నా మెడలో కట్టుకున్నాను. ఇప్పుడూ ఉంది, రైకలోపల, గుచ్చుకుంటూ.

తాళం పడ్డాక పిల్ల అడగడం మానేసింది. బుద్ధి వచ్చిందనుకున్నాను. ఒక పొద్దున పెదాలు ఎర్రగా ఉన్నాయి, ఏమే, పెళ్ళికూతురులాగ తాంబూలం వేసుకున్నావా అని వాళ్ళ నాయన నవ్వాడు. మర్నాడు ఆకుపచ్చగా ఉన్నాయి. అప్పుడు నవ్వలేదు. రంగు జాడించిన బానలో, తేటకు పెట్టిన నీళ్ళలో, మూతి పెట్టి తాగింది పిల్ల. సబ్బుకారం కలిసిన నీళ్ళు, ఎనుము కూడా మూతి పెట్టి తిప్పుకుపోయే నీళ్ళు. గాలి సోకిందని మంత్రాలేసే బయమ్మను పిలిచి దిగదుడిపించాం, వేపమండలతో కొట్టించాం. వాంతులు మొదలయ్యాయి. వాంతులైతే ఇంకా నీళ్ళు ఇవ్వకూడదన్నాను. చివరికి గంగాధరప్ప నా మాట వినకుండా పిల్లను భుజాన వేసుకుని అనంతపురం బస్సు ఎక్కించాడు. రాప్తాడు దగ్గర బస్సు ఆగింది, ఇంజను పొగలు కక్కుతోంది. డ్రైవరు దిగి, గుడ్డ చుట్టుకుని మూత తిప్పి, బొక్కెనతో నీళ్ళు తెచ్చి పోశాడు, చాలక ఇంకో బొక్కెన తెచ్చాడు. ఏమప్పా, ఇంత తాగుతాది నీ బండి అని ఎవరో అంటే, ఎండకు పాపం దానికి మాత్రం దప్పిక గాదా అన్నాడు. పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని కిటికీలోంచి ఆ నీళ్ళనే చూసింది. బొక్కెన పైకి లేచినప్పుడల్లా దాని గొంతు కదిలింది. అడగలేదు. నన్ను అడగలేదు. నా పక్కన మరచెంబులో నీళ్ళున్నాయి.

ఇక్కడ డాక్టరు చిన్నవాడు, కోస్తావాడు, మాట మెత్తన. పిల్ల మూత్రం గాజుగొట్టంలో తీసుకుని, నీలం మందు పోసి, చిన్న దీపం మీద కాచాడు. రంగుల్లో నాకు తెలియనిదేముంది, చూస్తూ నిలబడ్డాను. నీలం ఆకుపచ్చగా తిరిగింది, ఆకుపచ్చ పసుపైంది, పసుపు మా నేలలాగ ఎర్రమట్టి రంగై అడుగున కూర్చుంది. ఇదంతా చక్కెర అన్నాడు. చక్కెర జబ్బు కూర్చుని తినే సావుకార్లకు గదా సార్ వచ్చేది అన్నాడు నా కొడుకు. పిల్లలకు వచ్చేది ఇంకా చెడ్డదన్నాడు ఆయన. తర్వాత నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పాడు. మన నడుములో రెండు మూత్రపిండాలున్నాయట. ఒంట్లో నెత్తురంతా వాటిలోంచి పోతుందట, పోయేటప్పుడు నీళ్ళూ ఉప్పూ చక్కెరా అన్నిటినీ అవి ముందు బయటికి వడగట్టేస్తాయట. రోజుకు ఎనిమిది తొమ్మిది బిందెల నీళ్ళు. అన్ని నీళ్ళు పారబోస్తే మనిషి ఎట్లా బతుకుతాడన్నాను. పారబొయ్యవు పెద్దమ్మగారూ అన్నాడు. పట్టుపోగుకన్నా సన్నటి గొట్టాలు లక్షలకు లక్షలున్నాయి, వడగట్టిన నీళ్ళు వాటిలో పారుతుంటే, దారిలో పనికొచ్చేదంతా ఏరి వెనక్కి నెత్తుట్లో కలుపుతాయి, చక్కెర చిటికెడు కూడా వదలవు, ఉప్పు అవసరమైనంత, నీళ్ళు దాదాపు మొత్తం. చివరికి బయటికి పోయేది చెంబెడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. అది నా పనే. నాలాంటి ముసలిది ఒకతి మనిషి నడుములో కూర్చుని, పోయే నీళ్ళకు అడ్డంపడి తేట వంచుకుంటోందన్నమాట. మరి మా పిల్లకేమైంది? నెత్తుట్లో చక్కెర మితిమీరిపోయింది, ఏరి వెనక్కి వేసే చేతులు చాలలేదు, మిగిలిన చక్కెర బయటికి పోయింది, పోతూ పోతూ నీళ్ళను కూడా లాక్కుపోయింది. తిన్నదీ అట్లాగే పోయింది, తాగిందీ అట్లాగే పోయింది, ఊపిరిలో ఆ మగ్గిన పండు వాసనా ఈ జబ్బుదేనట. తాగింది కాబట్టి పోలేదు. పోయింది కాబట్టి తాగింది. నేను పైన మూత బిగించాను, చిల్లి అడుగున ఉంది.

తడిపిన చాపకు చీమలు పట్టేవా అని అడిగాడు ఆయన. "నల్లచీమలే నాయనా" అన్నాను. ఆయనకు నా మాట అర్థం కాలేదు, ఏ చీమైనా ఒకటే అన్నాడు. తర్వాత కాగితం మీద ఏదో రాసుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు, ఆ దాహం జబ్బు కాదండీ, దాంతోనే పిల్ల ఒళ్ళు తనను తాను కాపాడుకుంటోంది, ఇన్నాళ్ళూ నిలబెట్టింది ఆ నీళ్ళే, ఈ మధ్య ఎవరైనా నీళ్ళు ఆపారా అని. కోడలు పిల్ల జడ సర్దుతూ ఉండిపోయింది. చెప్పదు, నాకు తెలుసు, తల తీసినా నా పేరు చెప్పదు. "తాళం ఏసినాను. నేనే ఏసినాను" అన్నాను. ఆయన నన్ను ఒక్కమాట అనలేదు. రాయడం ఆపి, కలం మూతపెట్టుకుని, పక్క మంచం దగ్గరికి పోయాడు. దొంగిలించి తాగిన నీళ్ళే బతికించాయి పిల్లను. ఎడమచేతి ముడి బతికించింది. పోగు కట్టి ఊరుకున్నంత కాలం బతికింది.

ఎండ గోడ పైఅంచు దగ్గరికి పోయింది. అదేమిటి, దుప్పటి మీద ఆ చెయ్యి. సూది లేని చెయ్యి, ఎడమది. వేళ్ళు దుప్పటి అంచు పట్టుకుని మెలిపెడుతున్నాయి, వదులుతున్నాయి, మళ్ళీ మెలిపెడుతున్నాయి. కోడలికి తెలియదు ఏం చేస్తోందో, నాకు తెలుసు. కొస లోపలికి తీసి, ఎడమకు తిప్పి, లాగాలి తల్లీ. ఆఁ, అట్లాగే. వచ్చింది, చూడు, వచ్చింది. "అత్తా" అంది కోడలు, పొద్దుటి నుంచి మొదటి మాట. రామాంజి కళ్ళు తెరిచింది. పైకప్పు చూసింది, వాళ్ళమ్మను చూసింది. నేను లేచాను, మోకాళ్ళు పట్టేసి ఉన్నా ఎట్లా లేచానో లేచాను, గ్లాసు పట్టుకుని ముందుకు వంగాను. నన్ను చూసింది. నా చేతిలో నీళ్ళు చూసింది. ఆ పిల్ల ముఖంలోకి వచ్చిన భయం, ఏ దేవుడు తుడుస్తాడు దాన్ని? ఎండిన పెదాలు విడదీసుకుని గాలిలాగ అంది.

"నేను తాగలే అవ్వా. ముడి నేను ముట్టలే."

గ్లాసు పెదాలకు ఆనించాను. పళ్ళు బిగించింది. నీళ్ళు చెంపల మీద నుంచి, మెడ మీద నుంచి దిండులోకి పోయాయి. పోతే పోనీ, గుండిగలు గుండిగలు పోనీ. మెడలో తాళంచెవి ఊడదీసి విసిరేస్తే నమ్ముతుందా, నా కాళ్ళు నేనే విరగ్గొట్టుకుంటే నమ్ముతుందా? నా చేతి నుంచి తాగదు. నా కళ్ళ ముందు తాగదు. నేర్పింది నేను, బాగా నేర్చుకుంది. గ్లాసు కోడలికి ఇచ్చాను, ఆమె మరచెంబు వంచి మళ్ళీ నిండా నింపింది.

"నేను సూడను తల్లీ. ఈ పక్క తిరుక్కుంటా. నువ్వు తాగు, నాకేం తెలీదు" అని గోడ వైపు తిరిగాను.

గోడకు సున్నం పెచ్చులు లేచి ఉంది. ముక్కు గోడకు తగిలేంత దగ్గరగా నిలబడ్డాను, నా కళ్ళు ఎటూ పోవని పిల్లకు తెలియాలి. వెనక కోడలు గుసగుసగా బతిమాలుతోంది, తాగమ్మా, అవ్వ సూడలేదు, అటు తిరుక్కున్నాది సూడు, ఒక్క గుటక. నేను చెవులు అక్కడే పెట్టుకుని ఉన్నాను. దాని గుటక నాకు తెలుసు. మధ్యాహ్నం కునుకులో, తలుపు అవతల నుంచి, మగ్గం చప్పుడులో కూడా పట్టుకున్నదాన్ని. ఆ గుటక వినబడితే చాలు, ఇంకేమీ అడగను. కోడలి బతిమాలడం ఆగింది. ఆ లోతు ఊపిరి ఒకటి వినబడింది, చాలాసేపటికి ఇంకొకటి. వసారాలో ఎవరో దీపం గ్లోబు తుడుస్తున్నారు.

ఖాళీ ఇత్తడి గ్లాసు బండ మీద పెడితే మోగుతుంది. నిండు గ్లాసు మోగదు, మొద్దుగా ఒకే చప్పుడు చేస్తుంది. నీళ్ళు కాపలా కాసి కాసి ముసలిదాన్నయ్యాను, ఆ తేడా నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

కోడలు గ్లాసు కింద పెట్టింది. మోగలేదు.